వాల్తేరు బంగళా మునిగిన వైనం

పూర్వం బంగళాలు కట్టించిన జమీందార్లకి ఒక చెడ్డ అలవాటు ఉండేది. ఇల్లు ఒక చోట కట్టించి, మరుగుదొడ్డి మాత్రం దాదాపు పక్క ఊళ్ళో కట్టించేవారు. ఎండలో వెళితే అరికాళ్ళు కాలతాయి. వానలో వెళితే చెంబులో నీళ్ళకంటే నెత్తిమీద పడేవే ఎక్కువ. అర్జంటుగా బయల్దేరిన మనిషి అక్కడికి చేరేసరికి ఎందుకు బయల్దేరాడో మరిచిపోయినా ఆశ్చర్యం లేదు. ఈ కష్టం పెద్ద ఇళ్ళలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిందే. కాని మంథా హైమవతి కష్టం వేరు. ఆమె మరుగుదొడ్డికి వెళ్ళాలంటే పడవ ఎక్కాలి.

అది యుద్ధకాలం. విశాఖపట్నం మీద జపాన్ వాడు బాంబులు వేసి వెళ్ళి రెండేళ్ళయింది. పారిపోయిన జనం తిరిగొచ్చి, ఎవరు ముందు పారిపోయారన్న విషయం మీద తగువులాడుకుంటున్నారు. ఆ రోజుల్లో బ్రిటిష్ నేవీ వారు వాల్తేరులో, సముద్రం ఏ కిటికీలోంచీ కనబడని చోటు చూసి, ఒక జమీందారు గారి బంగళా అద్దెకు తీసుకున్నారు. అందులో వైర్‌లెస్ పెట్టి, మగవాళ్ళు చాలక ఆడపిల్లల్ని ఉద్యోగాల్లోకి చేర్చుకున్నారు. అలా చేరిన ముగ్గురిలో హైమ ఒకతె. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఎక్కడో నడిసముద్రంలో ఓడలు టక్కుటక్కుమని పంపే కబుర్లు విని రాసిపెట్టేది. ఆ పనిలో ఆమెను మించినవాళ్ళు లేరు. మేనత్త తిట్ల మధ్య పాఠాలు చదువుకుని పెరిగిన పిల్ల. ఎంత గోలలోంచైనా పనికొచ్చే ముక్క ఏరుకోగలదు.

అంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా నేవీ వారి రూలుతో వచ్చింది. నేవీ మనిషన్న ప్రతివాడూ ఏదో ఒక ఓడలో ఉండి తీరాలి. ఓడ లేకపోతే? ఉన్నదాన్నే ఓడ అనాలి. కాబట్టి బంగళాని ఓడ అన్నారు. గుమ్మం మీద ‘హిజ్ మెజెస్టీ వారి ఓడ అన్‌షేకబుల్’ అని బోర్డు కట్టారు. చలించనిది అని అర్థం. ఆ పేరుకి ఆ ఓడ ఏనాడూ మచ్చ తేలేదు.

ఆ రోజు నుంచి గచ్చునేల డెక్కు అయింది. వంటిల్లు గ్యాలీ అయింది. కాంపౌండులో ఇసక సముద్రం అయింది. గేటు అవతల రోడ్డు ఒడ్డు. ఇసక దాటాలంటే పడవ కావాలి కదా! యుద్ధకాలంలో కలప దొరక్క, వెదురుబద్దలతో పడవ ఆకారంలో ఒక చట్రం కట్టించారు. గంట కొట్టగానే వెళ్ళవలసినవాళ్ళందరూ ఆ చట్రంలో నిలబడి, తలో పక్కా పట్టుకుని, కలిసి నడవాలి. తెడ్లు అక్కర్లేదు. ఎవరి కాళ్ళు వాళ్ళవే.

ఈ పడవ నడిపే సరంగు అప్పలసూరి. నిన్నమొన్నటిదాకా అదే బంగళాలో తోటమాలి. సముద్రం అంటే భయం. నేవీ వారి టోపీ పెట్టాక మాత్రం అద్దంలో చూసుకుని తనకు తనే దడుసుకునేవాడు.

“సూరీ, ఒక్కదాన్నే వెళ్ళొచ్చేస్తాను. అర్జంటు” అంది హైమ ఒక రోజు మెట్ల మీద నిలబడి.

“ఎలాగెల్తారమ్మా? ములిగిపోరూ?”

“ఇసకలోనా?”

“మీకు ఇసకే అగుపిస్తాది. సర్కారోరికి ఏటగుపిస్తాదో సూడాల గదా! నిన్న టైపు బాబు సిగరెట్టు పడిపోనాదని పడవలోంచి కాలు బయటెట్టీసినాడు. కొట్టుకుపోనాడని గంట కొట్టి, టైరు ఇసిరి, ఈడ్సి ఒడ్డునెట్టినాం. బట్టలారబెట్టుకోమని దొరగారు పూటంతా సెలవిచ్చినారు.”

హైమ పడవ కోసం ఆగింది. ఎలా ఆగిందో ఆమెకే తెలియాలి.

ఇంత తెలివైన పిల్లా ఇంటి దగ్గర ఒక పొరపాటు చేసింది. ఆఫీసు కబుర్లు చెప్పింది.

ఇల్లు కోటవీధిలో. తండ్రి వియ్యన్న పంతులు గారు స్కూల్లో లెక్కల మేష్టారు. ప్రపంచంలో ఏ సమస్య వచ్చినా ఆయన సమాధానం ఒకటే, “చూద్దాం”. ఇల్లు నడిపేది ఆయన అప్పగారు సూరమ్మ గారు. హైమకి పన్నెండో ఏట తల్లి పోతే ఈ ఇంటికి వచ్చి పెంచింది ఈవిడే. వంటింట్లోకి ఇంకో ఆడప్రాణిని రానివ్వదు. ఏడాదిలో ఒక్క రోజు మాత్రం, హైమ తల్లి తద్దినం నాడు, గరిటె మేనకోడలి చేతికిచ్చి పక్కకి తప్పుకుంటుంది. “మీ అమ్మకి నీ చేతిదే ముట్టాలి” అని ఆవిడే పెట్టిన ఏర్పాటు. ఆ ఒక్క పూటా హైమకి పొయ్యి ముందు అమ్మతో కలిసి కూచున్నట్టుండేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు గాని, ఏడాదంతా ఆ రోజు కోసం చూసేది.

“ఇంత ఆలస్యం ఏవిటే?” అంది సూరమ్మ గారు ఒక సాయంత్రం.

“పడవ తప్పిపోయింది అత్తయ్యా.”

“పడవేవిటే!”

“ఓడ దిగాలంటే పడవెక్కాలిగా. మాది ఓడ.”

చెప్పి నవ్వింది హైమ. సూరమ్మ గారు నవ్వలేదు. మర్నాడు అన్నం క్యారేజీతో పాటు నిమ్మకాయ ఊరగాయ ఇచ్చింది. “ఓడలో వాంతులౌతాయిట. చప్పరిస్తూ ఉండు.” మూడో రోజుకి వీధంతా తెలిసింది. మధ్యతరగతి వీధికి ఇంతకంటే గొప్ప కబురేముంది! వియ్యన్న గారు స్టాఫ్‌రూములో “మా అమ్మాయి ఓడలో ఉంటోందండీ” అన్నారు, ఎవరూ అడక్కపోయినా. ఎదురింటి కరణం గారి భార్య వచ్చి, తిరుగు ప్రయాణంలో వీలుంటే సింగపూరు గొడుగొకటి పట్రమ్మంది. సింగపూరు జపాన్ వాడి చేతిలో ఉందని హైమ చెబితే, “నీకు ఇష్టం లేకపోతే లేదని చెప్పు. వంకలెందుకు?” అని కోపం తెచ్చుకుంది.

ఈ కబురు పాకి పాకి పురోహితుడు విశ్వపతి అవధానులు గారి చెవిన పడింది. తద్దినం వారం రోజులుందనగా ఆయన వచ్చి అరుగు మీద కూచున్నారు. లోపలికి రాలేదు.

“వియ్యన్నా, కలియుగంలో సముద్రయానం నిషిద్ధం. ఓడెక్కిన మనిషి వండితే భోక్తలు మెతుకు ముట్టరు.”

“అది బంగళా అండీ” అన్నారు వియ్యన్న గారు.

“అని ఎవరన్నారు?”

“చూస్తే కనబడుతోంది కదండీ.”

“చూపుదేవుందయ్యా! త్రాడుని చూసి పాము అనుకుంటాం. ప్రమాణం ఏవిటన్నది ప్రశ్న. ప్రభుత్వం వారు ఓడ అన్నారు. బోర్డు కట్టారు. నువ్వు బడిపంతులువి, నేను పురోహితుణ్ణి. చక్రవర్తి మాట కాదనడానికి మనం ఎవరం? పిల్ల ఉద్యోగం మానాలి, లేకపోతే వంట మానాలి.”

“నేను రెండూ మానను” అంది హైమ గుమ్మంలోంచి.

“అయితే ఒకటే దారి. ఆ దొర నోటితో ‘ఇది ఇల్లు’ అనిపించు. చాలు.”

వియ్యన్న గారు “చూద్దాం” అన్నారు. ఆ రాత్రి హైమ విస్తరి వంటింటి ముందు నుంచి లేచి అరుగు మీదికి వెళ్ళింది. సూరమ్మ గారు దూరం నుంచే వడ్డించింది. కళ్ళు తుడుచుకుంటూనే వడ్డించింది గాని, దూరం మాత్రం తగ్గించలేదు.

ఓడ కెప్టెన్ కమాండర్ బ్లెంకిన్‌సాప్ దొర. ముప్ఫై ఏళ్ళు నిజం సముద్రం మీద తిరిగి, కీళ్ళవాతం వచ్చి, ఈ ఓడకి వచ్చాడు. గాలి లేని రోజున కూడా హాల్లో కాళ్ళు ఎడంగా వేసి నడిచేవాడు. హైమ చెప్పింది విని, కిటికీలోంచి ఇసకకేసి చాలాసేపు చూశాడు. ఆయన ఇంగ్లీషు తెలుగులో చెప్పుకోవాలంటే ఇలా ఉంటుంది:

“మిస్ మంథా, మీ కుటుంబ భావాలను నావికాదళం మిక్కిలి గౌరవిస్తున్నది. కాని యుద్ధసమయంలో ఒక కెప్టెన్ తన ఓడను ఓడ కాదని ప్రకటించడం, పోరాడకుండానే జెండా దించడంతో సమానం. రేపు శత్రువు రేడియోలో మన ఓడ ఒకటి తగ్గిందని చెప్పుకొనును. ఇది ఓడ. ఓడగానే ఉండును.”

“నేనూ ఓడలో ఉన్నట్టేనా సార్?”

“నిస్సందేహంగా.” అని ఆగాడు. మొహం తెల్లబడింది. అదివరకే తెల్లటి మొహం కాబట్టి హైమకి వెంటనే తెలియలేదు. “ఎంతకాలం నుంచి?”

“ఎనిమిది నెలలండి.”

“రూలు ప్రకారం స్త్రీలు యుద్ధనౌకల్లో పనిచేయరాదే!”

ఆ రూలు అందరికీ తెలుసు. బంగళాలో ఆడపిల్లలు ఉండటం తప్పుగా ఎవరికీ తోచలేదు. ఎందుకంటే నేవీ వారిక్కూడా అప్పుడప్పుడు అది బంగళాగానే కనబడేది. ఇప్పుడు హైమ అడిగేసరికి కెప్టెన్‌కి అది ఓడగా కనబడింది. ముగ్గురినీ తీసేస్తే వైర్‌లెస్ వినే దిక్కు లేదు. ఉంచితే కోర్టు మార్షల్. దొర రాత్రంతా ఆలోచించి, పొద్దున అందర్నీ హాల్లో వరసగా నిలబెట్టి ప్రకటించాడు:

“ఓడ ఉత్తర భాగమందలి గది, ఇందుమూలముగా, ద్వీపముగా గుర్తించడమైనది. స్త్రీలు అందుండి పనిచేయుదురు.”

గది గుమ్మానికి అప్పలసూరి కొబ్బరికొమ్మ ఒకటి కట్టాడు. ద్వీపం అన్నాక ఉండాలి కదా అని.

హైమ ఆ సాయంత్రం పరుగెత్తుకుంటూ వచ్చింది. “నేను నేల మీదే ఉన్నాను! దొర నోటితోనే అన్నాడు. మా గది ఓడ కాదు, ద్వీపం!”

అవధానులు గారు పొడుం పీల్చి, ఆలోచించారు. “శుభం. ఆ ద్వీపానికి ఎలా వెడతావమ్మా?”

“హాల్లోంచి.”

“హాలు?”

హైమ గొంతు తగ్గింది. “ఓడ.”

“అంటే ఒడ్డున పడవెక్కి, సముద్రం దాటి, ఓడెక్కి, పరద్వీపం చేరుతున్నావు. సాయంత్రం మళ్ళీ అదే దారిన స్వదేశం వస్తున్నావు. నిన్నటిదాకా రేవులో ఆగిన ఓడలో కూచున్నావు, అంతే. ఇవాళ్టి నుంచి ద్వీపాంతర ప్రయాణం, రోజుకి రెండుమాట్లు! లంకకి వెళ్ళి రావడానికి హనుమంతుడంతటివాడు కూడా ఒకమాటే వెళ్ళేడమ్మా.”

“కొత్త పెంట తెచ్చేవు కదే!” అని సూరమ్మ గారు నెత్తి కొట్టుకుంది. “ఓడలో ఉన్నప్పుడే బాగుండేది.”

హైమకి ఏడుపొచ్చింది. ఏడిస్తే అరుగు మీద ఏడవాలి, వీధంతా చూస్తుంది. అందుకని ఆలోచించింది. ఉత్తరం గది గోడకి అవతల కాంపౌండు లేదు. సందు ఉంది. ఆ గోడకి గుమ్మం పెడితే సందులోంచి తిన్నగా గదిలోకి రావచ్చు. ఇసక లేదు, పడవ లేదు, ఓడ లేదు.

“నేల మీంచి నేల మీదికి?” అన్నారు అవధానులు గారు. వెతికారు, వెతికారు. దోషం దొరకలేదు. “ఊఁ, వండచ్చు” అన్నారు కొంచెం నిరాశగా.

బ్లెంకిన్‌సాప్ దొర కూడా సంతోషించాడు. ద్వీపం అన్నాక దానికంటూ ఒక రేవు ఉండటం న్యాయమే అన్నాడు. తద్దినం బుధవారం. తాపీవాడు మంగళవారం పొద్దున గునపం పట్టుకొచ్చి గోడ బద్దలుకొట్టాడు. మధ్యాహ్నానికి మనిషి పట్టేంత కంత పడింది. హైమ అందులోంచి తల బయటపెట్టి చూసింది. సందులో ఒక మేక గోడ మీది కాగితం నములుతోంది. అంత అందమైన మేకని ఆమె ఎప్పుడూ చూడలేదు.

సరిగ్గా అప్పుడే కొలంబో నుంచి తనిఖీకి అడ్మిరల్ దొర దిగాడు. గేటు దగ్గర పడవ చట్రంలో నిలబడి, అప్పలసూరితో అడుగు కలిపి నడుస్తూ, మెడ ఒక్క వెంట్రుకవాసి వంచకుండా ఓడెక్కాడు. అలాంటివాడు కాబట్టే అడ్మిరల్ అయ్యాడు. అన్నీ చూసుకుంటూ ఉత్తరం గదికి వచ్చి ఆగాడు.

“కమాండర్, ఇదేమి?”

“ద్వీపము సార్.”

“ద్వీపమును కాదు. కంతను గూర్చి అడుగుచున్నాను. ఈ గోడ, ప్లాను ప్రకారం, ఓడ యొక్క బయటి గోడయే కదా?”

“అవును సార్.”

“నీటిమట్టమునకు పైనా, దిగువనా?”

కమాండర్ కంతకేసి చూశాడు. నేలబారుగా ఉంది. “దిగువన సార్.”

“ఇంత కంత పడిన ఓడ ఎంతసేపు తేలును?”

ముప్ఫై ఏళ్ళు సముద్రం మీద తిరిగినవాడు అబద్ధం ఆడలేకపోయాడు. “టీ చల్లారేలోగా మునుగును సార్.”

తాపీవాడు గునపం వేసి అప్పటికి రెండు పూటలు టీ తాగాడు. అడ్మిరల్ టోపీ తీశాడు. అందరూ టోపీలు తీశారు. ‘అన్‌షేకబుల్’ ఆ ఉదయమే సముద్రగర్భం చేరిందని ప్రకటించి, ఇంతసేపు నీళ్ళలో నిబ్బరంగా పనిచేసినందుకు సిబ్బందిని మెచ్చుకుని, వెంటనే ఓడ వదలమన్నాడు. గంట మోగింది. గుమస్తాలు, వంటవాళ్ళు చట్రంలోకి ఉరికారు. తోపులాట చూస్తే నిజంగానే మునుగుతున్నారనిపించింది.

హైమా, మిగతా ఇద్దరమ్మాయిలూ మెట్ల దగ్గరికి వచ్చారు.

“మీరెక్కకూడదమ్మా” అన్నాడు అప్పలసూరి, చెయ్యి అడ్డుపెట్టి. “పడవ ఓడలోవోళ్ళకి. మీరు ఓడలో నేరు. ద్వీపంలో ఉన్నారు.”

“మరి ద్వీపం ఏమైనట్టు?”

“ఓడతోటే ములిగిపోనాదమ్మా. ఓడలోదేకదా!” అతనికి నిజంగానే కళ్ళనీళ్ళు తిరిగాయి. “మంచి పిల్లలు.”

బ్లెంకిన్‌సాప్ దొర మాత్రం కదల్లేదు. కెప్టెన్ ఓడతో పాటే మునగాలి. హాలు మధ్యలో కుర్చీ వేసుకుని, ఛాతీ ముందుకు పెట్టి, మునుగుతూ కూచున్నాడు.

మిగతా ఇద్దరూ కంతలోంచి బయటికొచ్చి సోడా తాగడానికి వెళ్ళారు. హైమ సందులోంచి పూర్ణా మార్కెట్టుకి వెళ్ళింది. మర్నాటి వంటకి కందా, అరటికాయలూ, అల్లం కొనుక్కుని, మినప్పప్పు బేరమాడి, చీకటి పడేవేళకి ఇల్లు చేరింది. వీధి పొడుగునా జనం. లోపల సూరమ్మ గారి ఏడుపు.

నేవీ వారి పనులన్నిటిలోకీ వేళకి జరిగేది టెలిగ్రాం ఒక్కటే. ఓడతో పాటు మీ కుమార్తె జలసమాధి అయినదని చక్రవర్తి పక్షాన విచారం తెలుపుతూ అది హైమ కంటే ముందే వచ్చేసింది.

“అత్తయ్యా, సంచి అందుకో. బరువుగా ఉంది.”

సూరమ్మ గారు తలెత్తింది. ఒక్క కేక వేసి, సంచితో సహా కావలించుకుంది. అరటికాయలు వీధిలోకి దొర్లాయి. “నా తల్లే! నా తల్లే! ఓడల్లో తిరుగు, లంకలకి పో, నీ ఇష్టవే!” అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ తర్వాత ఓడ సంగతి గుర్తొచ్చి, స్నానానికి వెళ్ళింది.

బుధవారం పొద్దున్నే హైమ నూతి దగ్గర తలారా నీళ్ళు పోసుకుని, తడిబట్టతో వంటింట్లోకి వెళ్ళింది. సూరమ్మ గారు గరిటె గట్టు మీద పెట్టి, గోడవైపు తిరిగి కూచుంది.

అవధానులు గారు ఇద్దరు భోక్తల్ని వెంటబెట్టుకు వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయారు.

“వియ్యన్నా, తద్దినం జరగడానికి వీల్లేదు. ఇంట్లో మైల.”

“మైలేవిటండీ?”

“పిల్ల పోయింది కదా.”

“వంటింట్లో ఉందండీ. అల్లం దంచుతోంది. వినండి.”

“వింటున్నాను. కాని టెలిగ్రాం?”

వియ్యన్న గారు తువ్వాలు దులిపి భుజం మీద వేసుకున్నారు. జీవితంలో మొదటిసారి చూద్దాం అనలేదు. “అవధానులు గారూ, నాకు లెక్కలు తప్ప మరోటి రాదు. ఓడ లేదు. సముద్రం లేదు. ములగడవూ లేదు. సున్నాని దేంతో హెచ్చవేసినా సున్నాయేనండీ.”

“ఆ సున్నా మీద చక్రవర్తి ముద్ర ఉందయ్యా!”

హైమ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. చేతికి పిండి. “అవధానులు గారూ, పోయినవాళ్ళకి మడీ మైలా ఉంటాయాండీ?”

“పోయినవాళ్ళకి అవేవిటమ్మా? ఉండవు.”

“సముద్రయాన దోషం?”

“దేహంతోనే సరి.”

“అయితే నేను వండితే తప్పేవిటి? బతికే ఉన్నానంటారా, మైల లేదు. పోయానంటారా, దోషం లేదు. ఏదంటారో మీరే అనండి. ఈలోగా నూనె కాగిపోతోంది.”

పోయినవాళ్ళ కోసం వండటం గురించి శాస్త్రం నిండా ఉంది. పోయినవాళ్ళు వండటం గురించి ఎక్కడా లేదు. అవధానులు గారు అరుగు మీద చతికిలబడి, సంచిలోంచి గ్రంథం తీసి, వెనక నుంచి తిరగెయ్యడం మొదలుపెట్టారు. మొదటి వాయి గారెలు నూనెలో పడ్డాయి. భోక్తలిద్దరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో చిన్నాయన నెమ్మదిగా కాళ్ళు కడుక్కున్నాడు.

అంతలో అప్పలసూరి రొప్పుకుంటూ వచ్చాడు. వైర్‌లెస్‌లో నిన్నట్నుంచి కబుర్లు వచ్చి పడుతున్నాయట, వినేవాళ్ళు లేరట. పక్క బంగళాని కొత్త ఓడ చేస్తున్నారట. హైమమ్మ వెంటనే చేరాలట. చేరాలంటే బతికున్నట్టు పాత కెప్టెన్ చెప్పాలట. పాత కెప్టెన్ ఓడతో పాటు మునిగిపోయాడు కాబట్టి, ఆయన మాట చెల్లదట.

“ఆయన అక్కడే కూసున్నారమ్మా, పాపం, అన్నం నేకుండా. పలకరిస్తే ములిగిపోయినోడితో మాటలేటి అంటన్నారు.”

అయ్యా, అమ్మా, ఇదీ పరిస్థితి. హైమ పొయ్యి ముందు కూచుని రెండో వాయి వేసింది. తల్లి పేరు చెప్పి సంకల్పం మొదలెట్టడానికి వియ్యన్న గారు దర్భలు పట్టుకుని నిలబడ్డారు. సూరమ్మ గారు విస్తళ్ళు లోపలే వేసింది, అరుగు మీద కాదు. కాని అవధానులు గారు పుస్తకంలోంచి తలెత్తడం లేదు. ఆయన తలెత్తితే గాని భోక్తలు విస్తళ్ళ దగ్గరికి రారు. వాళ్ళు తిని లేస్తే గాని సూరమ్మ గారికి ముద్ద దిగదు. మీలో ధర్మశాస్త్రం చదివినవాళ్ళు, నేవీలో పనిచేసి రిటైరైనవాళ్ళు, కనీసం రెండింటి గురించీ ఏమీ తెలియకుండా సలహా చెప్పగలిగినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ఈ పిల్ల ఉన్నట్టా, పోయినట్టా? ఏదో ఒకటి తేల్చండి. కాస్త తొందరగా తేల్చండి. ఎండ నడినెత్తి దాటుతోంది, గారెలు చల్లారిపోతున్నాయి.